రేవులో పడవకు చోటు: గంజాం, పూరీ తీరాల తెలుగు పడవవాళ్ళు

రేవు నియమాల చరిత్ర అనగానే తెలుగు చదువరికి ముందుగా గుర్తుకువచ్చేది మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, అక్కడి వీరభద్రాలయంలోని స్తంభం మీద చెక్కించిన అభయశాసనం మన పాఠ్యపుస్తకాల్లో అందరూ చదువుకున్నదే. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడ గాలివానకు చిక్కి, బద్దలై, ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను మాత్రం కూపశుల్కం తప్ప తక్కినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నాననీ ఆయన చెప్పుకున్నాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి చొప్పున సుంకం. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు, పోకలు వంటి సరుకుల మీద ఎంతెంత తీసుకోవాలో శాసనంలోని తెలుగు భాగం వివరంగా చెబుతుంది. మరో 114 సంవత్సరాలకు, 1358లో, కొండవీటి అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు.

ఈ శాసనాలను మన చరిత్రకారులు సముద్రవ్యాపారానికి ఆధారాలుగా ఎన్నోసార్లు పరిశీలించారు. అది సబబే. అయితే ఒక చిన్న విషయం మీద దృష్టి నిలిచినట్టు లేదు. అందులో ఓడ ఉంది, వర్తకుడు ఉన్నాడు, సరుకు ఉంది. ఆ సరుకును ఓడ నుంచి ఒడ్డుకు చేర్చినవాడు లేడు. కృష్ణా ముఖద్వారానికి దక్షిణాన తెరిచి ఉన్న ఇసుక తీరంలో పెద్ద ఓడ గట్టు దాకా వచ్చి ఆగే వీలు లేదు. దూరంగా లంగరు వేసిన ఓడకూ ఇసుకకూ మధ్య కెరటాలు దాటి పోయేది ఒడ్డున ఉండే పడవవాడే. రాజు అభయమిచ్చింది దూరం నుంచి వచ్చేవాడికి. ఒడ్డున ఉన్నవాడికి అభయం అవసరమని ఎవరికీ తోచలేదు. అతని పడవ ఇసుక మీద ఎక్కడుండాలో అతని ఊరే తేల్చుకునేది.

ఆ పడవవాడు ప్రభుత్వ నియమావళిలోకి ఎప్పుడు వచ్చాడు, ఏ హోదాలో వచ్చాడు అన్నదే ఈ వ్యాసంలో చూడదలచిన సంగతి. ఇందుకు గంజాం, పూరీ తీరాలను తీసుకుంటున్నాను. కారణం, అక్కడి సముద్రపు పడవవాళ్ళలో అధికులు తెలుగువాళ్ళు కావడమే.

ఒడిశా తీరంలో సముద్రపు వేట చాలాకాలం తెలుగువాళ్ళ చేతిలోనే ఉండేది. అక్కడి ఒడియా జాలరి కులాలవాళ్ళు ఎక్కువగా నదుల్లో, చిలికా సరస్సులో, నదీముఖాల్లో వేటాడేవారు. కెరటాలు దాటి లోపలికి పోయేవారు వాడబలిజలు, వారి సంబంధీకులైన ఇతర తెలుగు కులాలవారు. వీరిని ఒడియాలో నోళియాలంటారు. ఎలిసబెత్ షోంబుకెర్ అనే జర్మన్ మానవశాస్త్రవేత్త ఆంధ్ర, ఒడిశా తీరాల వాడబలిజల గురించి 1980లలో ఒక గ్రంథమే రాశారు. వీరిలో గంజాం వారి సంగతి వేరు, పూరీ వారి సంగతి వేరు. గంజాం వారు ఎక్కడికీ పోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, గోపాల్‌పూర్‌లతో సహా ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రం నుంచి అటు చేరింది. జనం ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దు వారిని దాటి దక్షిణానికి జరిగింది. పూరీ వారు మాత్రం చేపల వెంట, పని వెంట ఉత్తరానికి నడిచినవారు. పూరీ ఒడ్డున వారి పెద్ద వాడ పేరు పెంటకోట. ఉత్తరాంధ్రలో పాయకరావుపేట దగ్గర కూడా సముద్రపుటొడ్డున ఒక పెంటకోట ఉంది. పేర్లు కలిసినంత మాత్రాన చరిత్ర రుజువు కాదు గాని, ఈ పోలికను పట్టించుకోకుండా పోవడం కూడా కుదరదు.

ఇక వారి పడవల గురించి కొంత చెప్పాలి. ఇది తెలియకపోతే నియమాల కథ అర్థం కాదు. ముఖ్యమైనవి రెండు: తెప్ప, పడవ. తెప్ప అంటే తేలిక మానులను తాళ్ళతో బిగించి కట్టినది. దీన్నే తమిళులు కట్టుమరం అన్నారు. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి, దుంగలను ఇసుక మీదికి మోసుకుపోయి ఆరబెడతారు. ఆరబెట్టకపోతే కర్ర నీరు పీల్చి బరువెక్కుతుంది. అంటే ప్రతిరోజూ విడిపోయి ప్రతిరోజూ మళ్ళీ పుట్టే పడవ ఇది. దీనికి రేవు అక్కరలేదు, ఒడ్డు చాలు. ఇంగ్లీషువాళ్ళు మసూలా బోటు అన్నది రెండోది. పలకలను ఇనుప మేకులు లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టిన వెడల్పాటి పడవ. మేకులు కొట్టిన పడవ కెరటం కింద నేలను తాకితే విరుగుతుంది. కుట్టిన పడవ కాస్త వంగి ఊరుకుంటుంది. పెద్దవల వేయడానికీ, ఓడ సరుకు దించడానికీ ఇదే. ఒకప్పుడు మద్రాసులో దిగిన గవర్నర్లూ, వారి దొరసానులూ, ఉత్తరాల సంచులూ ఇలాంటి పడవల్లోనే ఒడ్డుకు చేరాయి. ఈ పడవను కూడా వేట అయ్యాక జనం కలిసి ఇసుక మీదికి లాగి, ఎండకు పలకలు విచ్చకుండా కమ్మలు కప్పి ఉంచేవారు.

ఇసుక మీద ఎవరి పడవ ఎక్కడ, పెద్దవల వేసే వంతు ఎవరిది, పొరుగు వాడవాళ్ళు ఎంతమేరకు రావచ్చు అనేవి ఊరిపెద్దల ఎదుట తేలేవి. కాగితం లేదు. కాగితం లేనంత మాత్రాన నియమం లేదనుకోవడం పొరపాటు. తరవాతి కాలపు కష్టాలన్నీ ఈ పొరపాటు నుంచి వచ్చినవే.

గోపాల్‌పూర్ రేవుగా పైకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో. అంతకుముందు రుషికుల్యా ముఖద్వారం దగ్గరి గంజాం పట్నం ముఖ్యమైన రేవు. 1815 ప్రాంతంలో జ్వరాలు ప్రబలి ఆ పట్నం పాడుపడ్డాక జిల్లా కచేరీ, వర్తకం అక్కడి నుంచి తరలిపోయాయి. గోపాల్‌పూర్‌లోనూ అప్పట్లో ఓడ గట్టుకు వచ్చేది కాదు. తీరం వెంట నడిచే స్టీమరు దూరంగా ఆగేది. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ, ఈ రేవులన్నీ ఒక వరస. ఈ రేవుల నుంచే వేలాది తెలుగు కూలీలు రంగం పోయారు. మన ముసలివాళ్ళ నోట ‘రంగం’ అంటే రంగూన్. బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలని పిలవడానికి కారణం యానాంకు దాపున ఉన్న కోరంగి రేవు. రేవు పూడిపోయినా దాని పేరు సముద్రం అవతల ఒక జాతి పేరుగా నిలిచింది. గోపాల్‌పూర్‌లో రంగం పోయే కూలీ ముందు ఎక్కింది స్టీమరు కాదు, కుట్టిన పడవ. నడిపింది అతని భాషవాడే.

ఇక్కడే ప్రభుత్వం కలగజేసుకుంది. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1855లో రేవుల, రేవు సుంకాల చట్టం వచ్చింది. 1889లో మరో చట్టం, దాన్ని సవరించి 1908లో ఇండియన్ పోర్ట్స్ చట్టం. ఈ 1908 చట్టం నూరేళ్ళకు పైగా నడిచింది. 2025లోగాని పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేయలేదు. 1908 చట్టంలోని ఆరో సెక్షన్‌ను తెలుగు సామాజిక చరిత్ర రాసేవారు చదవాలని నా మనవి. చదవడానికి పొడిగానే ఉంటుంది. ఓడలు ఎక్కడ నిలవాలి, ఎక్కడ లంగరు వేయాలి, ఓడకూ ఓడకూ మధ్య ఎంత దారి వదలాలి, రేవుమెట్ల దగ్గర దారి అడ్డం కాకుండా ఎలా చూడాలి, రాత్రి ఏ దీపాలు పెట్టాలి, ఇటువంటి వాటి మీద నియమాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. వాటిని అమలు చేసే అధికారి కన్సర్వేటరు. నిలిచిన ఓడను జరగమనే అధికారం, దారికి అడ్డమైనదాన్ని తొలగించే అధికారం ఆయనవి. మాట వినకపోతే జరిమానా.

ఆ జాబితా నడుమ మన పడవవాడు కనిపిస్తాడు. కిరాయికి నడిచే కట్టుమరాలకూ, సరుకు పడవలకూ, ప్రయాణికుల పడవలకూ లైసెన్సు ఇవ్వడం, వాటిని నడిపేవారికీ లైసెన్సు ఇవ్వడం, ఒక్కో పడవలో ఎంత సరుకు, ఎందరు మనుషులు, ఎందరు నడిపేవాళ్ళు ఉండాలో నిర్ణయించడం, లైసెన్సు ఎప్పుడు రద్దు చేయవచ్చో చెప్పడం ఇందులో ఉన్నాయి. ఇంతవరకు బాగానే ఉంది. కెరటాల్లో పడవ నిండా జనాన్ని కుక్కితే ఏమవుతుందో తెలిసినవారెవరూ మనుషుల లెక్కను తప్పుపట్టరు. రంగం కూలీకి ఈ లెక్క ప్రాణరక్షణే. కాని అదే వాక్యంలో మరో ముక్క ఉంది. ఏ పరిస్థితుల్లో ఈ పడవలు కిరాయికి నడిచితీరాలో కూడా ప్రభుత్వమే నిర్ణయించవచ్చు. అంటే పడవవాడు ఈ రోజు రానంటే కుదరకపోవచ్చు. కెరటం చూసి పోవాలో మానాలో తేల్చుకునే తండేలు మాట మీద మరో మాట వచ్చి కూర్చుంది. ఒడ్డు పడవవాడు చట్టంలోకి వర్తకుడిలా అభయం పొంది రాలేదు. నంబరు ఉన్న పనివాడిగా వచ్చాడు.

ఈ చట్టంలోనే సుంకం మినహాయింపులు చూడండి. రేవు నుంచి బయలుదేరి గాలివాన వల్లనో, దెబ్బతిన్నందువల్లనో తిరిగి వచ్చిన ఓడకు రేవు సుంకం లేదు. గణపతిదేవుడి మాట ఏడు వందల సంవత్సరాల దూరంలో మళ్ళీ వినిపించినట్టు ఉంటుంది. దాని పక్కనే షికారు ఓడకూ సుంకం లేదన్నారు. వినోదానికి తిరిగేవాడికి మినహాయింపు, పొట్టకూటికి తిరిగేవాడికి లైసెన్సు. చట్టం రాసినవారికి ఇందులో వింతేమీ తోచలేదు.

అయితే ఒక సంగతి మరవకూడదు. ఆ చట్టం పట్టించుకున్నది కిరాయి కట్టుమరాలను. వేటకు పోయే తెప్ప జోలికి అది అంతగా రాలేదు. రేవు హద్దు దాటి పక్కన ఉన్న వాడలో పాత కట్టుబాట్లే నడిచాయి. గోపాల్‌పూర్ వాడబలిజ ఒక పూట చట్టం కింద లైసెన్సు పడవవాడు, మరో పూట ఊరి కట్టుబాటు కింద వేటగాడు. రెండో ప్రపంచయుద్ధం తరవాత రంగం ప్రయాణాలూ, తీరం స్టీమర్లూ అంతరించాక మొదటి పని పోయింది, రెండోది మిగిలింది. పూరీలో మాత్రం నంబరు వేరే రూపంలో కొనసాగింది. యాత్రికులను చేయిపట్టుకుని సముద్రస్నానం చేయించే నోళియా తల మీద కోసుగా ఉండే టోపీ, దాని మీద అంకె. పూరీ పాత ఫోటోలు చూసినవారికి ఆ టోపీ పరిచితమే. ఆ టోపీ కింద ఉన్నవాడు ఇంట్లో తెలుగు మాట్లాడేవాడని ఫోటో తీసినవారిలో ఎందరికి తెలుసో.

స్వాతంత్ర్యం తరవాత కథ పారాదీప్‌కు మారుతుంది. మహానది ముఖద్వారం దగ్గర కొత్త రేవుకు నెహ్రూ 1962 జనవరి 3న శంకుస్థాపన చేశారు. 1966 ఏప్రిల్ 18న అది మేజర్ పోర్టు అయింది. జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడం దాని తొలి లక్ష్యం. ఓడ గట్టుకు వచ్చి నిలిచే రేవు కనుక కుట్టిన పడవతో అక్కడ పని లేదు. మరపడవలు, ట్రాలర్లు వచ్చాక చేపల రేవు ఏర్పడింది. అక్కడి మరపడవల మీద సరంగులుగా, కళాసులుగా తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో చేరారు.

మరపడవను ఇసుక మీదికి లాగలేరు. దానికి లోతు నీరు కావాలి, కట్టుకునే గట్టు కావాలి, డీజిలు, మంచుగడ్డ కావాలి. కాబట్టి దానికి చోటు ఊరు ఇవ్వలేదు, రేవు యాజమాన్యమే ఇవ్వాలి. ఇది చిన్న మార్పు కాదు. ఒడ్డున పడవ ఉంచుకోవడం హక్కుగా భావించినవాడు రేవులో చోటును అనుమతిగా పొందుతున్నాడు. అనుమతికి రిజిస్ట్రేషన్ కావాలి, రిజిస్ట్రేషన్‌కు యజమాని పేరు కావాలి. తెప్ప మీద వెళ్ళేవాళ్ళు వాటాల లెక్కన పంచుకునేవారు. మరపడవకు కాగితం మీద ఒక యజమాని, అతని కింద పనివాళ్ళు. సొంత తెప్ప ఉన్న కుటుంబంలోని యువకుడు మరొకరి పడవ మీద కళాసిగా చేరడం ఈ తీరమంతటా జరిగిందే.

నీటిలో కూడా గీతలు పడ్డాయి. ఒడిశా సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1982లో, దాని నియమాలు 1983లో వచ్చాయి. ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల వరకు మర లేని సంప్రదాయ పడవలకు, దానికి అవతల 15 మీటర్ల లోపు మరపడవలకు, 10 కిలోమీటర్లు దాటాక పెద్ద ట్రాలర్లకు అని విభజించారు. తెప్పవాడికి ఒక జాగా తనదని ప్రభుత్వం కాగితం మీద చెప్పడం ఇదే మొదటిసారి అనుకోవచ్చు. ఈ చట్టాన్ని విమర్శించేవారు అమలు లోపాలనే చూస్తారు. అవి నిజమే అయినా, చట్టంలోని ఈ గుర్తింపు తక్కువది కాదని నా అభిప్రాయం. 1991 ఫిబ్రవరి నాటి తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలో కూడా ఉన్న మత్స్యకార గ్రామాల ప్రస్తావన, వారి పరంపరాగత హక్కుల ప్రస్తావన ఉంది. మోటుపల్లిలో లేని మనిషి ఇక్కడ ఒక మాటగానైనా ఉన్నాడు.

కాని గీతలు పెరుగుతూ పోయాయి. 1997 సెప్టెంబరులో గహిర్‌మథ సముద్ర అభయారణ్యం ఏర్పడింది. తాబేళ్ళు గుడ్లు పెట్టే నవంబరు నుంచి మే వరకు దేవీ, రుషికుల్యా, ధామ్రా ముఖద్వారాల దగ్గర 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరపడవలకు 61 రోజుల విరామం. రేవు కాలువలో మరో నియమం. అంతర్జాతీయ ఓడల ఢీ నివారణ నియమాల్లో తొమ్మిదోది ప్రకారం ఇరుకు కాలువలో వేట పడవ ఏ ఓడ దారికీ అడ్డు రాకూడదు. భారీ ఖనిజపు ఓడ ఉన్నచోట ఆగలేదు కనుక ఇది న్యాయమైన నియమమే. అయినా ఒక రేవు నీటిలో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో ఇంత స్పష్టంగా చెప్పే వాక్యం మరొకటి లేదు.

ఈ నియమాలన్నిటిలో ఒడ్డువాళ్ళు మనసారా ఒప్పుకున్నది ఒకటుంది. రేవులో ఎగరేసే తుపాను సూచిక. ఒకటి నుంచి పదకొండు వరకు అంకెలు. ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అన్న మాట తెలుగు పత్రికల్లోనూ, రేడియోలోనూ ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన మహా తుపాను ఏం చేసిందో ఆ తీరం మరవలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షల జనాన్ని ముందే తరలించారు, ప్రాణనష్టం ఎంతో తగ్గింది. ఇక్కడ నంబరు మనిషిని పనికి కట్టేయడానికి కాక పని నుంచి ఆపడానికి వచ్చింది. 1908 చట్టంలోని ముక్కతో పోల్చి చూస్తే ఇది గమనించదగ్గ విషయం.

2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవారు ఒక వేట పడవను వాడుకున్నారు. ఆ తరవాత దేశంలోని ప్రతి వేట పడవకూ ఒకే పద్ధతిలో రిజిస్ట్రేషన్, పడవవాళ్ళకు గుర్తింపు కార్డులు తప్పనిసరి అయ్యాయి. పడవ మీద దేశం పేరు, రాష్ట్రం పేరు సూచించే ఇంగ్లీషు అక్షరాలు, తరవాత అంకెలు. దుంగల తెప్పలు ఈపాటికి చాలావరకు పోయి ఫైబరు తెప్పలు వచ్చాయి కాబట్టి నంబరు వేయడానికి చోటు దొరికింది. ప్రతి సాయంత్రం విడిపోయే దుంగల్లో ఏ దుంగ మీద వేసేవారో!

ఈ అక్షరాల వల్ల తెలుగు పడవవాళ్ళ కుటుంబాల్లో ఒక కొత్త తేడా వచ్చింది. యానాం పడవ గౌతమి నీటిలో ఎదురొడ్డు పడవ పక్కనే నడుస్తుంది. ఇద్దరూ వియ్యంకులే కావచ్చు. కాని ఒకటి పుదుచ్చేరి పడవ, మరొకటి ఆంధ్ర పడవ. బరంపురం దిగువన ఉన్న వాడలవాళ్ళకూ, ఇచ్ఛాపురం వైపు వాడలవాళ్ళకూ పెళ్ళి సంబంధాలు ఎప్పటివో. వాళ్ళ పడవలు ఇప్పుడు రెండు రాష్ట్రాలవి. గాలి మారి పక్క రాష్ట్రపు ఒడ్డుకు చేరితే ఏ వాడవాడివని అడిగేవారు పూర్వం. తెలిసిన ఊరి పేరు చెబితే అన్నం పెట్టి పడవను ఇసుక మీదికి లాగడానికి చేయి వేసేవారు. ఇప్పుడు ముందు అడిగేది కాగితం. పెంటకోట పడవ కాగితాల్లో అన్నీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. ఆ పడవ ఎక్కే తండేలు లంగరు వేయమని కేక వేసేది మాత్రం తెలుగులోనే.